జబ్బ మీది బిళ్ల ఎన్నాళ్లు పనిచేస్తుంది?



షుగరు జబ్బు ఉన్నవాళ్ల జబ్బ వెనక ఈ మధ్య ఒక తెల్లటి గుండ్రటి బిళ్ల తరచుగా కనిపిస్తోంది. పెళ్లి పందిట్లో పొట్టిచేతుల చొక్కా తొడుక్కున్న పెద్దాయనకూ ఉంటుంది, టైప్ 1 షుగరుతో బడికి వెళ్లే పిల్లవాడికీ ఉంటుంది. దాని పేరు కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్, పొట్టిగా సీజీఎం. మందుల షాపులోనూ డాక్టరు గారి గదిలోనూ జనం దాన్ని గురించి మామూలుగా అడిగేవి రెండే: నొప్పి పుడుతుందా, ఖరీదెంత? దీనిలో ఏ భాగం ఎన్నాళ్లు పనిచేస్తుంది, ఎప్పుడు మార్చాలి అన్న మూడో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నెల తిరిగేసరికి అయ్యే ఖర్చూ, అర్ధరాత్రి షుగరు పడిపోతే అలారం మోగుతుందన్న భరోసా, రెండూ ఆ మూడో ప్రశ్న మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందుగా ఆ బిళ్లలో ఏముందో చూద్దాం. దాని అడుగు నుంచి వెంట్రుక లాంటి సన్నటి పోగు ఒకటి చర్మం కిందకు దిగి ఉంటుంది. ఎబట్ కంపెనీ చేసే లిబ్రే రకంలో దాని పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. అది రక్తనాళంలోకి పోదు. కణాల మధ్య ఉండే ద్రవంలో ఉంటుంది. పోగు కొసన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూత ఉంటుంది. గ్లూకోజ్ దానికి తగిలినప్పుడల్లా చిన్న రసాయన చర్య జరిగి అతి సూక్ష్మమైన కరెంటు పుడుతుంది. చక్కెర ఎక్కువైతే కరెంటు ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఆ కరెంటును కొలిచి ఫోనుకు అందించేది ట్రాన్స్‌మిటర్. దానికో బుల్లి బ్యాటరీ. వీటిని ఒంటికి పట్టి ఉంచేది జిగురు పట్టీ. ఇవతల అంకె చూపించేది రీడరు గానీ, ఫోనులోని ఆప్ గానీ. చూడటానికి ఒక్క వస్తువే గానీ, లోపల నాలుగైదు భాగాలు, ఒక్కోదానికి ఒక్కో ఆయుష్షు. పెట్టె మీద 14 రోజులు అని అచ్చువేశారంటే, వాటిలో అన్నిటికంటే ముందు అలిసిపోయే భాగం అన్నాళ్లపాటు నమ్మకంగా పనిచేస్తుందని తయారీదారు పరీక్షల్లో చూపించాడని అర్థం.

ఈ 14 రోజులు ఒక్కనాడు వచ్చినవి కావు. ఎంజైమునూ ఎలక్ట్రోడునూ జతచేసి గ్లూకోజ్‌ను కొలవవచ్చన్న ఆలోచనను అమెరికాలోని అలబామాలో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ 1962లో ప్రకటించారు. అది ప్రయోగశాలలోంచి మనిషి ఒంటి మీదకు రావడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన మినీమెడ్ పరికరం మూడు రోజులే పనిచేసేది. అంకెలు కూడా రోగికి అప్పటికప్పుడు కనిపించేవి కావు. మూడు రోజులయ్యాక ఆస్పత్రిలో కంప్యూటరుకు ఎక్కించి డాక్టరు చూసుకునేవారు. 2006లో డెక్స్‌కామ్ కంపెనీ మొదటి సెన్సర్ కూడా మూడు రోజులదే. మరుసటి ఏడు దాన్ని ఏడు రోజులకు పెంచి, ఆ అంకెనే పేరుగా పెట్టి సెవెన్ అని అమ్మారు. 2008లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చిన ఎబట్ వారి నావిగేటర్‌ది ఐదు రోజులు. 2014లో యూరప్‌లో లిబ్రే 14 రోజులతో వచ్చింది. 2018లో డెక్స్‌కామ్ జీ6 పది రోజులతో వచ్చింది. ఈ పోటీలో ఒక్కో రోజు కలపడానికి వెనక ఎంతో రసాయన శాస్త్రం, ఎంతో డబ్బు ఖర్చయింది.

మనదేశం ఇందులో వెనకబడి లేదు. లిబ్రే ప్రో అనే రకాన్ని 2015లోనే ఇక్కడ విడుదల చేశారు. అది డాక్టర్ల కోసం చేసినది. ప్రతి 15 నిమిషాలకు ఒక కొలత చొప్పున రెండు వారాలపాటు తనలోనే రాసుకుంటుంది. రోగి మళ్లీ క్లినిక్కు వచ్చినప్పుడు రీడరును దగ్గర పెడితే మొత్తం చరిత్ర బయటపడుతుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ క్లినిక్కుల్లో చాలామంది మొదటగా చూసిన సీజీఎం ఇలాంటిదే.

పెట్టె మీది అంకె గురించి ఒక సంగతి అందరూ తెలుసుకోవాల్సింది. యూరప్‌లో 14 రోజులు వాడుతున్న లిబ్రేకే 2017 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడు పది రోజులే ఇచ్చారు. పైగా అంటించిన తర్వాత మొదటి కొలత కోసం అక్కడ 12 గంటలు ఆగాలి, యూరప్‌లో అయితే ఒక గంట చాలు. 2018 జులైలో అమెరికా కూడా 14 రోజులకూ ఒక గంటకూ వచ్చింది. నడుమ ఆ పది నెలల్లో సముద్రానికి అటూ ఇటూ ఒకే రకం పోగుకు రెండు ఆయుష్షులు. పోగు పనితీరుతోపాటు, ఎంతమంది మీద పరీక్షించారు, మొదటి రోజు తప్పుల్ని ఎంతవరకు ఒప్పుకుంటారు అన్న నిర్ణయాలు కూడా ఆ అంకెలో కలిసి ఉంటాయి. అలాగని దాన్ని మన ఇష్టానికి సాగదీసుకోవచ్చని కాదు. ఎందుకో తెలియాలంటే చర్మం కింద ఏం జరుగుతుందో చూడాలి.

కాలిలో ముల్లు విరిగి లోపల ఉండిపోతే చుట్టూ ఎర్రబడి, వాచి, కొన్నాళ్లకు గట్టిపడుతుంది. సెన్సర్ పోగు విషయంలోనూ శరీరం చేసేది అదే. మంచికి వచ్చిన పోగని దానికి తెలియదు. పోగు దిగిన నిమిషాల్లోనే ప్రోటీన్లు వచ్చి దాని మీద పేరుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాత తెల్లకణాలు చేరతాయి. మాక్రోఫేజ్ అనే కణాలు దాన్ని కరిగించే ప్రయత్నం చేస్తాయి. అవి తామే గ్లూకోజ్‌ను తింటాయి, ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. అందుచేత పోగు దగ్గరి ద్రవంలో చక్కెర, పక్కన ఉన్న కండలోని చక్కెరతో సరిపోలకపోవచ్చు. రోజులు గడిచేకొద్దీ పీచులాంటి పొర చుట్టుకుని గ్లూకోజ్ పోగు దాకా రావడమే ఆలస్యమవుతుంది. లోపల ఎంజైమ్ కూడా నెమ్మదిగా శక్తి కోల్పోతుంది. రసాయన చర్యలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ ఎంజైమునే కొంత దెబ్బతీస్తుంది. కొలతకు ఆధారంగా ఉండే వెండి, వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడు కూడా వాడుతున్నకొద్దీ తరుగుతుంది. బయటికి మాత్రం అంకె ఎప్పటిలాగే ఠంచనుగా వస్తూ ఉంటుంది. పాతబడిన సెన్సర్‌లో అసలు ప్రమాదం ఇదే. ఆగిపోయిన గడియారాన్ని గుర్తుపట్టొచ్చు, పది నిమిషాలు వెనకబడిన గడియారాన్ని పట్టుకోవడం కష్టం.

ఈ అడ్డంకుల్లో ఒకదాన్ని దాటించిన మనిషి పేరు చెప్పుకోవాలి. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఆచార్యుడిగా పనిచేసిన ఆడం హెల్లర్, ఎంజైమును ఎలక్ట్రోడుకు ఆస్మియం ఉన్న పాలిమర్‌తో నేరుగా తీగ కలిపినట్టు కలిపారు. అంతకుముందు చర్య జరగాలంటే కణజాలంలోని ఆక్సిజన్ మీద ఆధారపడాలి. చర్మం కింద అది ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఈ తీగకట్టు ఎంజైముతో ఆ బెడద తగ్గింది. పెరాక్సైడ్ పుట్టడమూ తగ్గింది. కొలత నిలకడగా ఉండటంతో ఫ్యాక్టరీలోనే సరిచేసి పంపడం కుదిరింది. రోజుకు రెండుసార్లు వేలు పొడుచుకుని సెన్సర్‌కు అసలు అంకె నేర్పించే పని తప్పింది. హెల్లర్, ఆయన కుమారుడు ఎఫ్రాయిమ్ కలిసి 1996లో పెట్టిన థెరాసెన్స్ కంపెనీని 2004లో ఎబట్ కొన్నది. లిబ్రే 14 రోజుల వెనక ఉన్నది ఆ పరిశోధనే.

జిగురు సంగతి చాలామంది చిన్నదిగా తీసుకుంటారు. పోగు బాగానే ఉండి, బ్యాటరీ బాగానే ఉండి, పట్టీ ఊడి సెన్సర్ పోయిన ఇళ్లు లెక్కలేనన్ని. చర్మం పై పొర ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్తది వస్తుంటుంది. జిగురు పట్టుకుని ఉన్నది ఆ రాలిపోయే పొరనే. రెండు వారాలు దాటితే ఎంత మంచి జిగురైనా అంచులు లేవడం సహజం. దానికి మన కోస్తా ఉక్కపోత తోడైతే ఇక చెప్పేదేముంది. అంటించేముందు ఆ చోట కొబ్బరినూనె, క్రీము, పౌడరు లేకుండా సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరనివ్వకుండా తొందరపడితే పట్టీ త్వరగా ఊడుతుంది. స్నానం తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. పైన అదనపు ప్లాస్టర్ వేసుకోవచ్చు గానీ, కొన్ని రకాల్లో నడుమ ఉన్న చిన్న రంధ్రం మూసుకుపోకూడదు.

జిగురు కొందరికి పడదు. 2017లో బెల్జియం చర్మవైద్యులు లిబ్రే వాడేవాళ్లలో దద్దుర్లకు కారణం ఐసోబోర్నైల్ అక్రిలేట్ అనే రసాయనమని పట్టుకున్నారు. పట్టీ కింద దురదగా మొదలై, ప్రతి కొత్త సెన్సర్‌కూ ముదిరి, పొక్కులుగా మారితే అది చెమటకాయ కాదు. చర్మ వైద్యుడికి చూపించాలి, సెన్సర్ రకం మార్చాలి. ఎడమ జబ్బ, కుడి జబ్బ మార్చి మార్చి, ప్రతిసారీ కొంచెం పక్కకు జరిపి అంటిస్తే చర్మానికి కోలుకునే వ్యవధి దొరుకుతుంది.

ట్రాన్స్‌మిటర్ విషయంలో కంపెనీలు మూడు దారులు పట్టాయి. డెక్స్‌కామ్ జీ6లో సెన్సర్ పది రోజులకోసారి మారుతుంది, ట్రాన్స్‌మిటర్ మాత్రం 90 రోజులు నడుస్తుంది. దాన్ని పాత సెన్సర్ నుంచి తీసి కొత్తదానికి తగిలించాలి. లోపలి బ్యాటరీని మార్చడానికి వీల్లేదు, చార్జింగూ లేదు. గడువు దగ్గరపడుతుంటే ఆప్ ముందే హెచ్చరిస్తుంది. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, సెన్సర్లు మూడు నెలలకు సరిపడా తెచ్చుకుని ట్రాన్స్‌మిటర్‌ను మరిచిపోతారు. పాత సెన్సర్ తీసేసి, కొత్తది అంటించాక, ఈ ట్రాన్స్‌మిటర్‌తో మొదలుపెట్టలేమని ఫోను చెబుతుంది. ఆ కొత్త సెన్సర్ వృథా. మెడ్‌ట్రానిక్ గార్డియన్ రెండో దారి. సెన్సర్ ఏడు రోజులు. గవ్వ ఆకారంలో ఉండే ట్రాన్స్‌మిటర్‌ను ప్రతి సెన్సర్ మార్పుకూ చార్జరులో పెట్టుకుంటూ నెలల తరబడి వాడతారు. చార్జింగ్ మరిచిపోతే వారం మధ్యలో సంకేతం ఆగుతుంది. మూడో దారి లిబ్రేది, తర్వాత వచ్చిన డెక్స్‌కామ్ జీ7ది. అన్నీ ఒకే బిళ్లలో పెట్టేశారు. గడువు తీరితే పోగు, బ్యాటరీ, రేడియో అన్నీ కలిపి తీసి పారేయడమే. వాడేవాళ్లకు మరిచిపోయే భాగమంటూ లేదు, కొత్తది అంటించాక గాడిలో పడే సమయం కూడా జీ6లో రెండు గంటలైతే జీ7లో అరగంట. ఆ సౌకర్యానికి మూల్యంగా రెండు వారాలకోసారి ఇంకా ప్రాణమున్న ఎలక్ట్రానిక్ సామాను చెత్తబుట్టలో పడుతోంది. ఇంత తెలివైన పరికరం చేసినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు కూడా చేయాలని కోరడం అత్యాశ కాదు.

ఈ మూడింటికీ చెందని పరికరం ఇంకొకటుంది. అమెరికాలో సెన్సియోనిక్స్ చేసిన ఎవర్‌సెన్స్. సుమారు 18 మిల్లీమీటర్ల పొడవైన గొట్టంలాంటి సెన్సర్‌ను డాక్టరు చిన్న కోతతో జబ్బ చర్మం కింద పెడతారు. ఇందులో ఎంజైమ్ లేదు. గ్లూకోజ్ తగిలితే వెలిగే బోరోనిక్ ఆమ్లపు జెల్ ఉంటుంది, ఆ వెలుగును లోపలే కొలుస్తుంది. 2018లో అమెరికాలో అనుమతి పొందినప్పుడు ఆయుష్షు 90 రోజులు, 2022లో 180 రోజులు, 2024 సెప్టెంబరులో ఏకంగా 365 రోజులు. ఇంత పెరుగుదల ఎలా వచ్చిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. శరీరం వదిలే దాడి రసాయనాలు వెలిగే జెల్‌ను కాల్చేస్తున్నాయని గమనించి, వాటికి ముందుగా ఎరగా పడిపోయే మరో బోరోనిక్ ఆమ్లాన్ని లోపల చేర్చారు. చుట్టూ వాపు రాకుండా డెక్సామెథసోన్ అనే మందు పూసిన వలయం కూడా ఉంటుంది. అయినా ఏడాది పొడవునా చేతులు కట్టుకుని కూర్చోవచ్చని అనుకోకూడదు. పైన పెట్టుకునే ట్రాన్స్‌మిటర్‌కు చార్జింగ్ పెట్టాలి, దాని జిగురు పట్టీని రోజూ మార్చాలి, వేలి పొడుపుతో అప్పుడప్పుడు సరిచూడాలి. సెన్సర్‌కు ఏడాది, బ్యాటరీకీ జిగురుకూ చెరొక రోజు. భాగాలకు వేర్వేరు ఆయుష్షులని చెప్పుకున్న మాట ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

గరిష్ఠ గడువు అంటే హామీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2025లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌కామ్ జీ7 15 రోజుల రకం కరపత్రంలో కంపెనీయే రాసింది, దాదాపు 26 శాతం సెన్సర్లు పూర్తి 15 రోజులు నిలవకపోవచ్చని. అంటే నాలుగింట ఒకటి. నెలకు రెండు కొంటే సరిపోతుందని లెక్క వేసుకున్న ఇంటికి ఇది పెద్ద మాట. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలున్న ఇంట్లో ఒక సెన్సర్ ఎప్పుడూ అదనంగా ఉండాలి. గడువుకు ముందే ఆగిపోయిన సెన్సర్‌కు చాలా కంపెనీలు బదులు ఇస్తాయి. అయితే పెట్టె మీది లాట్ నంబరు, సీరియల్ నంబరు, ఎప్పుడు అంటించారు, ఏ హెచ్చరిక వచ్చింది అన్నవి అడుగుతారు. పెట్టెను చెత్తలో వేసేముందు ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే ఆ రోజు పనికొస్తుంది.

ఆ నంబరుకు ఇంకో పెద్ద ఉపయోగం 2025 నవంబరులో తెలిసొచ్చింది. లిబ్రే 3, లిబ్రే 3 ప్లస్ సెన్సర్లలో కొన్ని అసలు కంటే తక్కువ అంకె చూపిస్తున్నాయని ఎబట్ ప్రకటించింది. అమెరికాలోనే దాదాపు 30 లక్షల సెన్సర్లు, ఒక ఉత్పత్తి వరుసలో వచ్చిన లోపం. ప్రపంచవ్యాప్తంగా 7 మరణాలు, 700కు పైగా తీవ్రమైన ఘటనలు దీనితో ముడిపడి ఉండవచ్చని కంపెనీయే చెప్పింది. షుగరు పడకపోయినా పడిపోయినట్టు కనిపిస్తే మనిషి తీపి తింటాడు, ఇన్సులిన్ మానేస్తాడు. అసలు షుగరు ఆకాశానికి పోతుంది. తన సెన్సర్ ఆ వరుసలోదా కాదా అని సరిచూసుకోవడానికి ఆ సీరియల్ నంబరే దారి. రీడర్లకూ ఇలాంటి చరిత్ర ఉంది. 2023లో లిబ్రే రీడర్ల లిథియం బ్యాటరీ వేడెక్కి మంట పుట్టే ప్రమాదం ఉందని, కంపెనీ ఇచ్చిన కేబులూ చార్జరూ తప్ప వేరేవి వాడొద్దని అమెరికాలో 40 లక్షలకు పైగా రీడర్ల విషయంలో హెచ్చరించారు. 2025లో డెక్స్‌కామ్ రిసీవర్లు కొన్నింట స్పీకరు పాడై అలారం వినిపించకపోవచ్చని తేలింది. సెన్సర్లను లెక్కపెట్టి మార్చేవాళ్లు రీడరును మాత్రం శాశ్వతమైనదిగా చూస్తారు. దానిలోనూ చార్జింగ్ బ్యాటరీ ఉంది, స్పీకరు ఉంది. చార్జింగ్ పెట్టినప్పుడల్లా ఒకసారి అలారం మోగించి చూడటం మంచి అలవాటు.

సెన్సర్ మార్చే రోజుకు ఒక పద్ధతి ఉండాలి. కొత్త పోగు దిగినప్పుడు చర్మం కింద చిన్న గాయం అవుతుంది, కొద్దిగా రక్తం చిమ్ముతుంది, అందుకే మొదటి 24 గంటల అంకెలు తర్వాతి రోజుల అంత నమ్మకమైనవి కావు. కొత్తదాన్ని రాత్రి పడుకోబోయేముందు అంటించడం అన్నిటికంటే చెడ్డ వేళ. గాడిలో పడని సెన్సర్‌కు మనిషిని అప్పగించి నిద్రపోయినట్టవుతుంది. పొద్దుటి పూట, ఇంట్లో ఉండే రోజు చూసుకోవాలి. జీ7లో గడువు ముగిశాక 12 గంటల వెసులుబాటు ఇచ్చారు. ఆ సమయంలో పాతది ఇంకా చెబుతుండగానే కొత్తదాన్ని రెండో జబ్బకు అంటించి చర్మాన్ని సర్దుకోనివ్వొచ్చు. అలాంటి వెసులుబాటు లేని రకాల్లో నడుమ ఖాళీకి పాత గ్లూకోమీటరే దిక్కు. దాని స్ట్రిప్పులకూ గడువు తేదీ ఉంటుందని సీజీఎం వచ్చాక చాలా ఇళ్లలో మరిచిపోయారు.

సెన్సర్ పాతబడిందని పొరపడే సందర్భాలూ ఉన్నాయి. జబ్బ మీద ఒత్తిగిలి పడుకుంటే ఆ చోట రక్తప్రసారం తగ్గి అంకె ఒక్కసారిగా కిందకు జారుతుంది. తెల్లవారుజామున మోగిన అలారానికి కారణం ఇదైతే, అటు తిరిగి పడుకున్న కాసేపటికి అంకె కోలుకుంటుంది. అప్పటిదాకా వేలి పొడుపుతో సరిచూడాలి. రోజుకు 500 మిల్లీగ్రాములకు మించి విటమిన్ సి వేసుకుంటే కొన్ని రకాల లిబ్రేలో అంకె పైకి పోవచ్చు. చప్పరించే ఒక్క బిళ్లలోనే అంత ఉంటుంది, జలుబు చేసిందని రెండు మూడు చప్పరించేవాళ్లు గమనించాలి. సికిల్ సెల్ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా డెక్స్‌కామ్‌లో తప్పుడు హెచ్చు అంకె చూపిస్తుంది. ఇవేవీ సెన్సర్ చచ్చిపోయిన లక్షణాలు కావు. ఎంఆర్ఐ, సీటీ స్కానుకు వెళ్లేముందు మాత్రం ఆ రకం కరపత్రం చూడాలి. చాలా రకాలను తీసేయమని రాసి ఉంటుంది. తీసిన సెన్సర్ మళ్లీ అంటుకోదు కాబట్టి, అత్యవసరం కాని స్కాను అయితే సెన్సర్ మార్చే రోజుకే పెట్టించుకుంటే సరి.

మన ఎండల మాట చెప్పకపోతే లోటే. కొన్న సెన్సర్ ఇంకా పెట్టెలో ఉండగానే ముసలిదైపోవచ్చు. ఎంజైమ్ ప్రోటీన్. వేడికి చెడిపోతుంది. రకాన్ని బట్టి నిల్వ ఉష్ణోగ్రత పై హద్దు 25 నుంచి 30 డిగ్రీల దాకా పెట్టె మీద రాసి ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల గదిలో బీరువా లోపల ఎంత ఉంటుందో అక్కడి వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన సెన్సర్‌కు 14 రోజులు ఎవరూ హామీ ఇవ్వలేరు. పెట్టె మీద కింది హద్దూ రాసి ఉంటుంది, అది ఒప్పుకుంటే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టొచ్చు, ఫ్రీజరులో కాదు. అంటించేముందు గది వేడికి రానివ్వాలి.

ఖర్చు దగ్గరికి వద్దాం, ఎందుకంటే గడువు దాటించాలన్న కోరిక పుట్టేది అక్కడే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. ఒక్కో సెన్సర్ ధర వేలల్లో. నెలకు రెండు అంటే, ఇన్సూరెన్సు చేయి వేయని ఇంట్లో అది మోయలేని బరువు. జీ6 వాడే విదేశాల్లో కొందరు ట్రాన్స్‌మిటర్‌ను తీసి పెట్టి, పాత సెన్సర్‌నే కొత్తదిగా మళ్లీ మొదలుపెట్టడం తెలిసిన సంగతే. లిబ్రే గడువు తీరగానే తనంతట తానే ఆగిపోతుంది. ఇలా సాగదీసినవాళ్లను తప్పుపట్టడం సులువు, వాళ్ల జేబు చూసినవాళ్లు అలా మాట్లాడలేరు. అయినా ఇన్సులిన్ మోతాదును ఆ అంకె చూసి నిర్ణయించుకునేవాళ్లు మాత్రం అది చేయకూడదు. పాతబడిన పోగు ఎటు తప్పుతుందో, ఎంత తప్పుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఇన్సులిన్ లేకుండా మాత్రల మీద ఉన్న టైప్ 2 వాళ్లకు ఇంతకంటే మంచి దారి ఉంది. ఏడాది పొడవునా సెన్సర్ అక్కర్లేదు. 2019 అంతర్జాతీయ నిపుణుల ఒప్పందం, కనీసం 70 శాతం సమయం పెట్టుకున్న 14 రోజుల లెక్కను చికిత్స నిర్ణయాలకు ఆధారంగా తీసుకుంది. షుగరు 70 నుంచి 180 మధ్య ఉన్న సమయం 70 శాతం దాటాలన్నది చాలామందికి అందులో చెప్పిన లక్ష్యం. డాక్టరుతో మాట్లాడి కొన్ని నెలలకు ఒక సెన్సర్ పెట్టుకుని, ఆ రెండు వారాల్లో ఇడ్లీకి ఎంత పెరిగింది, పెసరట్టుకు ఎంత, రాత్రి అన్నం ఆలస్యమైతే ఏమైంది అన్నది రాసుకుంటే, ఒక్క సెన్సర్ తన ఆయుష్షుకు మించి పనిచేసినట్టే.

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ అమ్మానాన్నలకు సెన్సర్లు తెస్తుంటారు. ప్రేమతో తెచ్చినవే. కానీ ఒక దేశంలో అమ్మిన సెన్సర్ మరో దేశపు ఆప్‌తో కలవకపోవచ్చు. కొనేముందే అది చూసుకోవాలి. గడువు తేదీ కూడా చూడాలి. అంటించిన తర్వాతి 14 రోజులు వేరు, పెట్టెలో ఉండగా నెలల లెక్కన ఉండే గడువు వేరు. డజను తెచ్చి ఏడాది పాటు వాడదామనుకుంటే చివరివి పెట్టెలోనే గడువు దాటతాయి. పొదుపు కోసం అవతల తగ్గింపు ధరకు దొరికేవి తరచుగా గడువు దగ్గరపడినవే.

తీసేసిన బిళ్లను ఏం చేయాలి? అంటించే సాధనంలో సూది ఉంటుంది, లోపలికి ముడుచుకుపోయినా అది రక్తం అంటిన సూదే. బిళ్లలో బ్యాటరీ ఉంది. 2016 ఘన వ్యర్థాల నియమాలు వాడిన సూదులనూ బ్యాటరీలనూ ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కగట్టి, తడి పొడి చెత్తలతో కలపకుండా విడిగా ఇవ్వమన్నాయి. మూత గట్టిగా పట్టే పాత ప్లాస్టిక్ డబ్బాలో సూది సాధనాలు వేసి, నిండాక మునిసిపాలిటీ బండి వాళ్లకు అందులో సూదులున్నాయని చెప్పి ఇవ్వాలి. కొన్ని క్లినిక్కులు, డయాబెటిస్ కేంద్రాలు తమ దగ్గర తీసుకుంటాయి, అడిగి చూడొచ్చు. బిళ్లను ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వొచ్చు. చెత్త ఏరే మనిషి చేయి పెట్టే సంచిలో మాత్రం ఆ సాధనాన్ని వేయకూడదు.